పటం విప్పితే కనిపించే పనితనం

సినిమా వస్తువులు వేలంలో కొనేవాళ్ళలో రెండు దారులున్నాయి. పోస్టర్లు కూడబెట్టేవాళ్ళకు గోడ ఎక్కని కాగితం కావాలి. జిగురు తగలకూడదు, ఎండ సోకకూడదు, వీలైతే మడత కూడా పడకూడదు. 1931 నాటి ‘డ్రాక్యులా’ పోస్టరు ఒకటి 2017లో అమెరికాలో 5,25,800 డాలర్లు పలికింది. అన్నేళ్ళు ఒక కాగితం చెడకుండా మిగలడమే అందులో సగం విలువ. తెరమీద వాడిన వస్తువులు కొనేవాళ్ళ చూపు వేరు. వాళ్ళకు వాడకం కనిపించాలి. కత్తి అంచున సొట్ట, కాలరు మీద రంగు మరక, గుండీ ఊడితే వేసిన వేరే దారపు కుట్టు, ఇలాంటివి వెతుకుతారు. ఆ గుర్తును సినిమాలోని ఫ్రేముతో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. సరిపోయిందంటే ధర ఎక్కడికో వెళుతుంది. 1939లో వచ్చిన ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’లో జూడీ గార్లాండ్ వేసుకున్న ఎర్ర తళుకుల బూట్ల జత ఒకటి 2024 డిసెంబరులో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో రుసుములన్నీ కలుపుకొని 3 కోట్ల 25 లక్షల డాలర్లకు పోయింది. అదే సినిమా కోసం చేసిన మరో జత వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని అడుగున మెత్తటి ఉన్నిగుడ్డ అతికి ఉంటుంది, నాట్యం చేసేటప్పుడు చప్పుడు వినపడకుండా. పైన వేల తళుకులు కుట్టిన చేతిని అందరూ మెచ్చుకుంటారు. నాకు ఆ అడుగున గుడ్డ అతికిన మనిషి మీద ఇంకా గౌరవం. వస్తువు ఎక్కడ, ఎలా, ఎవరి ఒంటిమీద పనిచేయబోతుందో తెలిసినవాడి పని అది.

పోస్టరుకు ఒక కొలత, తెర వస్తువుకు ఇంకో కొలత. రెండు కొలతలూ ఒకేసారి పెట్టి చూడాల్సిన వస్తువు జనగామ పక్కన తయారవుతుంది. చేర్యాల పటం. అల్లంత దూరం నుంచి జనాన్ని కూర్చోబెట్టేది అదే, కథ చెప్పేవాడి చేతిలో పనిముట్టూ అదే, కథ నడిచే తెరా అదే. దాన్ని ‘జానపద చిత్రకళ’ అనే పేరు కింద పెట్టి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించి, ఎంత బాగుందో అని ముందుకు నడిచిపోతాం. వాడటానికి చేసిన వస్తువుగా దాన్ని చూస్తే తప్ప అందులోని పనితనం సగం కూడా కంటికి ఆనదని చెప్పడానికే ఈ వ్యాసం.

చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లా, జనగామ డివిజన్. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సిద్దిపేటలో కలిసింది. అసెంబ్లీ లెక్కకు మాత్రం ఇప్పటికీ జనగామ నియోజకవర్గమే. అక్కడి చిత్రకారులను నకాషీలు అంటారు. ఇవాళ ఈ పని ప్రధానంగా ధనాలకోట వారి కుటుంబాల చేతుల్లో నిలిచి ఉంది. చేర్యాల పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పటం అంటే సుమారు మూడడుగుల వెడల్పు గుడ్డ, పొడవు కథను బట్టి. నలభై అడుగులు, అరవై అడుగులు కూడా ఉండొచ్చు. పైనుంచి కిందికి అడ్డంగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. కథ సాగుతుంటే చుట్ట విప్పుతూ పోతారు.

పని గుడ్డతో మొదలవుతుంది. ఖాదీ బట్ట తీసుకుంటారు. చింతగింజలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఉడికించి అంబలి చేస్తారు. అందులో సుద్దమట్టి, బియ్యపు గంజి, తిరుమణి చెట్టు జిగురు కలుస్తాయి. ఆ పూతను బట్టమీద పట్టించి ఎండబెడతారు. ఆరాక మళ్ళీ పూత, మళ్ళీ ఎండ. మూడు పూతలు వేశాక బట్టలోని కన్నాలన్నీ మూసుకుపోయి, కుంచె ఎక్కడా తట్టుకోకుండా జారే నేల తయారవుతుంది.

ఈ నేల దగ్గర కాసేపు ఆగాలి. గోడమీద వేసే బొమ్మకు ఇంత తంటా అక్కర్లేదు. పలక మీదో అట్ట మీదో వేసేదానికీ అక్కర్లేదు. పటం చుట్టాలి, విప్పాలి. ఆ రాత్రికి ఒకసారి, మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకోసారి, ఏళ్ళ తరబడి. సుద్ద ఎక్కువైతే తెల్లదనం బాగా వస్తుంది కానీ మొదటిసారి చుట్టినప్పుడే పెళుసుగా బీటలు వారుతుంది. సుద్ద తక్కువైతే బట్ట పోగులు పైకి తేలి రంగును తాగేస్తాయి. జిగురు ఎక్కువైతే వానాకాలపు చెమ్మకు పొర మీద పొర అంటుకుంటుంది. అంబలి పలచనైతే నేల నిలవదు. అంటే ముప్పై ఏళ్ళ తర్వాత ఈ గుడ్డ ఎలా వంగుతుందో ఇవాళ గిన్నె దగ్గరే తేల్చుకోవాలి. ఈ పాళ్ళు తూకాలతో కొలిచేవి కావు, వేలి మధ్య జారినప్పుడు తెలిసేవి. పటంలో బొమ్మ ఒక్కటీ లేకపోయినా ఆ నేలను మెచ్చుకోవచ్చని నేను నిజంగానే అనుకుంటాను.

పోస్టర్లు సేకరించేవాళ్ళకు ఈ సంగతి వెంటనే తడుతుంది. పాత కాగితం పోస్టరు చిరిగిపోకుండా కాపాడాలంటే దాన్ని గుడ్డకు అతికిస్తారు. గోధుమ జిగురు వాడతారు, అవసరమైతే మళ్ళీ విప్పుకోవచ్చు. పాశ్చాత్య వేలాల్లో పాత పోస్టర్లు చాలావరకు ఇలా గుడ్డ వెనకదన్నుతోనే వస్తాయి. కాగితం పుట్టాక, చిరిగాక, విలువ తెలిశాక చేసే వైద్యం అది. చేర్యాల నకాషీ గుడ్డనూ జిగురునూ మొదటి రోజే కలిపేశాడు, ఎందుకంటే అతని బొమ్మ గాజు వెనక కూర్చోవడానికి పుట్టలేదు. అది బయల్దేరి తిరగడానికి పుట్టింది.

ఇక గీత. పెన్సిలు గీత, తుడుపు, దిద్దుబాటు అనేవి పాత పద్ధతిలో లేవు. కుంచెతో నేరుగా గీస్తారు. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన సన్నటి కుంచె. మొదట బొమ్మల ఆకారం, తర్వాత నేపథ్యానికి ఎరుపు, ఆపైన ఒళ్ళకు రంగులు, బట్టలు, నగలు, చివరికి నల్లటి సన్నగీతతో కట్టు. రంగులు ఒకప్పుడు చుట్టుపక్కల దొరికినవే. ఇంగిలీకపు ఎరుపు, నీలిమందు నీలం, దీపపు మసి నలుపు, శంఖం నూరిన తెలుపు. ఇప్పుడు చాలామంది కొన్న రంగులు వాడుతున్నారు. దీని మీద కళాభిమానులు పెదవి విరుస్తారు గానీ, నాకు అందులో తప్పు కనిపించదు. గీత చేతిలో ఉంది, సీసాలో లేదు. అయితే ఆ రెండు ఎరుపులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఉన్న మాట నిజం. ఇంగిలీకం రాయి పొడి. దగ్గరగా చూస్తే నలిగిన రేణువు కనిపిస్తుంది, అందుకే అంత పెద్ద ఎర్రటి మైదానం కూడా చదునుగా అనిపించదు.

ఎరుపు ఎందుకు? కథ రాత్రిపూట చెప్పేవారు. నూనె దీపమో కాగడానో ఉండేది, జనం పది పదిహేను గజాల దూరంలో కూర్చునేవారు. దీపపు పసుపు వెలుతురులో తెల్లటి నేపథ్యం ఉంటే బొమ్మలన్నీ అందులో కరిగిపోతాయి. ఎరుపు ఆ వెలుతురులో వెచ్చగా వెనక్కి తగ్గుతుంది. దాని మీద పసుపు ఒళ్ళు, తెల్లటి ముత్యాలు, నీలం దేవుడు ముందుకు వస్తారు. ఇది నా అంచనా, ఏ గ్రంథమూ చెప్పింది కాదు. కానీ విద్యుద్దీపం ఆపేసి ఒక చిన్న దీపం పెట్టి చేర్యాల బొమ్మను దూరం నుంచి చూడండి, ఎరుపు తన పని తాను చేసుకుపోవడం కనిపిస్తుంది.

ఒంటి రంగులకు కూడా కట్టుబాటు ఉంది. దేవుళ్ళు నీలం, అమ్మవార్లు పసుపు, రాక్షసులు ముదురు గోధుమ, మనుషులు గులాబీ ఛాయ. కథ మధ్యలో వచ్చి కూర్చున్న పిల్లవాడికి కూడా ఎవరెవరో వెంటనే తెలిసిపోవాలి. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కళ్ళు మాత్రం పెద్దవి, ఎదురుగా చూస్తున్నంత నిండుగా. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ముఖం తిరిగిన దిక్కు చెబుతుంది. ఎవరు గొప్పో ఆకారం చెబుతుంది. మాట వినపడనంత దూరంలో ఉన్నవాడికీ కథ అందాలన్న పట్టుదల ప్రతి గీతలోనూ ఉంది. గోడపత్రిక గీసేవాడి పట్టుదల కూడా అచ్చంగా ఇదే.

ఒక గడిని దగ్గరకు తీసుకుందాం. పద్మశాలీల కోసం చెప్పే మార్కండేయ పురాణం పటం. ఇందులో భావనారుషి కథ ఉంటుంది. యజ్ఞంలో పుట్టడం, విష్ణువు నాభి తామర తూడు నుంచి నూలు తేవడం, కాలవాసురుడితో యుద్ధం, సూర్యుడి కూతురు భద్రావతితో పెళ్ళి. యుద్ధం గడులు ఆర్భాటంగా ఉంటాయి, చూపు ముందు వాటి మీదకే పోతుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది నేత ఘట్టం. ఈ శైలిలో దూరం, లోతు అనే భ్రమ ఉండదు. కాబట్టి మగ్గం పక్కనుంచి కనిపిస్తుంది, దాని మీద పడుగు మాత్రం పైనుంచి చూసినట్టు పరుచుకుని ఉంటుంది. నేసేవాడు పక్కకు తిరిగి కూర్చుంటాడు, చేతులు రెండూ కనిపిస్తాయి. ఏది ఏ కోణంలో చూస్తే అర్థమవుతుందో దాన్ని ఆ కోణంలోనే పెట్టడం ఇక్కడి నియమం. చూసే జనం నేతగాళ్ళు. పోగు లెక్క తప్పితే వాళ్ళు ఊరుకోరు. రాజుగారి కిరీటం ఎలా ఉన్నా అడిగేవాడు లేడు గానీ, మగ్గం తప్పు గీస్తే ఆ రాత్రికి నకాషీ పరువూ కథకుడి పరువూ రెండూ పోతాయి. అందుకే కిరీటాలు ఊహల్లోంచి, పనిముట్లు కళ్ళముందు నుంచి వచ్చాయి. ఇంకొక్క సంగతి: నేత పుట్టుక బొమ్మ నేసిన బట్ట మీదే ఉంది. పూత పలచబడిన చోట ఆ ఖాదీ పోగులు బొమ్మలోని పడుగు పోగుల పక్కనే బయటపడతాయి.

గడికీ గడికీ మధ్య పూల పట్టీ ఉంటుంది. అంచుల వెంట కూడా. బొమ్మల మధ్య ఖాళీ మిగిలితే అక్కడ ఓ పువ్వో, కొమ్మో, చిలకో. అలంకారం అనుకుని వదిలేస్తాం. కానీ విప్పేటప్పుడు కథకుడికి ఎక్కడ ఆపాలో చెప్పేది ఆ పట్టీయే. ఒక ఘట్టం ముగిసింది, పాట ఒక దరువు మారుతుంది, చెయ్యి చుట్ట మీదకు పోతుంది. పట్టీ కనిపించగానే ఆగుతుంది. సినిమా వాళ్ళు కత్తిరింపు అనే పని ఇక్కడ పూలతో జరిగింది.

అయినా అసలు కష్టం గడులుగా కోయడంలోనే ఉంది. రాత్రులకు రాత్రులు నడిచే పురాణాన్ని నలభై యాభై బొమ్మల్లో పెట్టాలి. ఏ ఘట్టానికి బొమ్మ కావాలి, ఏది పాటకు వదిలేయాలి? కథకుడు కథ చెబుతుంటే నకాషీ వింటూ పంచుకునేవాడు. ఏడుపు ఘట్టానికి చిన్న గడి చాలు, గొంతే ఆ పని చేస్తుంది. పెళ్ళికి పెద్ద గడి కావాలి, ఎందుకంటే పెళ్ళి దగ్గర జనం కానుకలు చదివిస్తారు, బొమ్మ ఎక్కువసేపు తెరిచి ఉండాలి. చిత్రకారుడు, గాయకుడు, డబ్బు పెట్టే కులస్తులు ముగ్గురూ ఒప్పుకున్న లెక్క ఆ పొడవులో దాగి ఉంటుంది. అచ్చంగా చిత్రానువాదం రాయడమే ఇది.

ఈ కథకులను గురించి చెప్పకుండా పటాన్ని చూడటం కుదరదు. పద్మశాలీలకు కూనపులి వారు, ముదిరాజులకు కాకిపడగల వారు, గౌడులకు గౌడజెట్టీలు, మంగలివారికి అద్దపుసింగు వారు, మాదిగలకు డక్కలి వారు. ఒక్కో కులానికి ఒక్కో కథకుల వర్గం, ఒక్కో పురాణం, దాని పటం. ఎవరు ఏ ఊళ్ళలో చెప్పాలో మిరాశీ అనే వంశపారంపర్య హక్కు ప్రకారం పంచుకునేవారు. కురుమ గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వారికి పటం బదులు యాభై పైచిలుకు బొమ్మలు ఉంటాయి. తేలికైన పొనికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల ముద్ద, గుడ్డపేలికలు. ఇవీ చేర్యాల చేతులవే. బరువు తక్కువ ఉండాలన్నది ఇక్కడ మొదటి షరతు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరూరూ నడిచేది కథకుడే కదా.

బరువు అనగానే చిందు భాగోతం, అంటే చిందు యక్షగానం, గుర్తుకొస్తుంది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానంలో కృషికి 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందు వేషానికి కిరీటం, భుజకీర్తులు ఉంటాయి. తెల్లవార్లూ ఎగిరి ఆడే మనిషి తలమీద అవి నిలవాలి, మెడ పట్టేయకూడదు, దీపం వెలుగు పట్టి మెరవాలి. అందుకే అవీ తేలిక కర్రతోనే. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో వెనకనుంచి తట్టి ఎంతటి కిరీటమైనా లేపగల చేతులు ఉన్నాయి. దేవుడి వాహనాలకు తొడుగులు చేసింది వాళ్ళే. కదలని దేవుడికి లోహం, ఎగిరే మనిషికి పొనికి కర్ర. ఈ విచక్షణ తెలిసిన ప్రాంతం ఇది.

ఇంకాస్త తూర్పుకు, మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ, గూడూరు అడవి పల్లెల్లోకి, అటు భూపాలపల్లి వైపు అడవుల్లోకి వెళితే పటం రూపు మారిపోతుంది. కోయల ఇలవేల్పు పడిగె త్రికోణాకారపు గుడ్డ. అందులో గోత్రపు మూలపురుషులు, వేల్పులు, సూర్యచంద్రులు, జంతువులు ఉంటాయి. డోలీ కళాకారులు డోలు వాయిస్తూ ఆ బొమ్మలను చూసి వంశకథ విప్పుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు, మణుగూరు ప్రాంతపు డోలీ కళాకారులు, సమ్మక్క సారలమ్మల గాథతో సహా ఇలాంటి కథలను కోయభాషలో కంఠస్థంగా పాడేవారు. 2024లో ఆయన పోయారు. పటంలో నకాషీ కథను గడులుగా విడగొట్టి ఇచ్చాడు, కాబట్టి కొత్తవాడైనా కొంత చదువుకోగలడు. పడిగెలో అంతా ఒకే త్రికోణంలో ఉంది. వరస బొమ్మల్లో లేదు, పాడేవాడి జ్ఞాపకంలో ఉంది. పాడే మనిషి పక్కన లేకుండా పడిగె ఎవరింటికైనా చేరితే సగానికి పైగా పోయినట్టే. ఈ ఒక్కదాన్ని సేకరణ వస్తువుల జాబితాలో చేర్చడానికి నాకు మనసొప్పదు. అది ఇప్పటికీ పూజలో ఉన్న వేల్పు.

చేర్యాల పటం దగ్గరకు వస్తాను. వాడిన పటాన్ని, తెర వస్తువులు కొనేవాళ్ళ కళ్ళతో చూస్తే ఏమేం కనిపించాలి? పైనుంచి విప్పుతారు గనుక మొదటి గడి చుట్టకు బయట ఉంటుంది. ఆ మొదటి గడిలో వినాయకుడు ఉంటాడు. దుమ్మూ చేతి జిడ్డూ ఎక్కువ తగిలేది ఆయనకే. ప్రతి కథకూ ముందు పూజ ఆయనకే కాబట్టి పసుపు కుంకుమ మరకలూ అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. లోపలికి పోయేకొద్దీ రంగు తాజాగా ఉండాలి. మధ్యలో ఒక గడి మాత్రం అరిగి కనిపిస్తే, అక్కడ కథకుడు కర్రతో బొమ్మను ఎక్కువసార్లు చూపించాడని అర్థం, అంటే జనం ఎక్కువ ఇష్టపడ్డ ఘట్టం అదే. వెనకవైపు అతుకులు వేసి ఉంటే పటం ఎక్కడ బరువు మోసిందో తెలుస్తుంది. పోస్టరు కొనేవాడు వీటన్నిటినీ లోపాలుగా రాసుకుంటాడు. తెర వస్తువు కొనేవాడు వీటినే సాక్ష్యాలుగా చదువుతాడు. రెండోవాడి చదువే ఇక్కడ సరైనది. చింతగింజల నేల ఇంతకాలం పట్టి నిలిచిందా లేదా అన్నది తేలేదీ ఆ అరిగిన చోటే.

పాత పటాలు అరుదుగా ఎందుకు దొరుకుతాయో కూడా తెలియాలి. నకాషీ పటంలో దేవతలకు కళ్ళు చివర్లో దిద్దేవాడు, మంచి ఘడియ చూసి. పూజ చేసి కథకుడికి అప్పగించేవాడు. అప్పటినుంచి దానికి నైవేద్యం, మడి. వాడి వాడి శిథిలమైపోయాక మూలన పడేయరు. మనిషికి చేసినట్టే సంస్కారం చేసి నదిలో కలిపేవారు. ఏ సేకర్తకైనా ఈ మాట వింటే ప్రాణం చివుక్కుమంటుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ పాతది నీళ్ళలో కలిసింది కాబట్టే కొత్తదానికి పురమాయింపు వచ్చేది, నకాషీ కొడుక్కి పని ఉండేది, గీత చేతినుంచి చేతికి దాటేది. దాచిపెట్టడం ఒక్కటే కాపాడటం కాదని ఆ ఆచారానికి తెలుసు.

దాచినవాళ్ళకూ మనం రుణపడి ఉన్నాం. హైదరాబాదులో జగదీశ్ మిట్టల్, ఆయన భార్య కమల కలిసి దశాబ్దాలపాటు సేకరించిన కళావస్తువులతో 1976లో ట్రస్టుగా మ్యూజియం ఏర్పడింది. తెలంగాణ పటాలకు విలువ కట్టేవాడు లేని రోజుల్లో ఆయన వాటి వెంట పడ్డారు. వాటి మీద ఆ మ్యూజియం 2014లో ప్రత్యేకంగా ఒక గ్రంథం వేసింది. ఆయన 2025 జనవరిలో కన్నుమూశారు. అమెరికాలోని బర్క్‌లీలో కీర్తన తంగవేలు తెలంగాణ పటాల మీదే డాక్టరేటు చేశారు, అదీ కథకుల వెంట తిరిగి, పాటనూ బొమ్మనూ కలిపి చూసి. సేకరణ అంటే ఇలాంటిది.

పటం చూసేవాళ్ళను పట్టుకుపోయింది సినిమాయే. ఊళ్ళలోకి గుడారపు టాకీసులు, పట్నాల్లోకి హాళ్ళు వచ్చాక రాత్రి కథకు జనం తగ్గారు. జనగామలో, మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లో గోడలు వాల్‌పోస్టర్లతో నిండాయి. అయితే ఆ పోస్టర్ల పనిలో కూడా పాత చెయ్యే కనిపిస్తుంది నాకు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి 1967లో బాపు ‘సాక్షి’తో మొదలుపెట్టి వేల సినిమాలకు పోస్టర్లు వేసిన ఈశ్వర్ గారిని తీసుకోండి. నలుపు తెలుపు ఫొటోను కత్తిరించి, అతికి, రంగులద్ది, నాయకుడి తలను మిగతావాళ్ళకు రెండింతలు చేసి, పేరును బొమ్మలో భాగంగా రాసేవారు. ఎవరు గొప్పో ఆకారం చెప్పాలి, దూరానికి ముఖం అందాలి, ఖాళీ మిగలకూడదు. నకాషీ నియమాలూ అవే. ఆయన రాసిన ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకానికి నంది అవార్డు వచ్చింది. 2021లో ఆయన వెళ్ళిపోయారు. ఆ చేతి బొమ్మలు అచ్చయిన కాగితాలు వానకు తడిసి, పశువుల నోట్లోకి పోయి, మిగిలినవి కొద్ది. మిగిలినవాటిని ఎవరైనా జాగ్రత్త చేస్తున్నారంటే వాళ్ళకు నా నమస్కారం.

ఇవాళ చేర్యాలలో ఎక్కువగా తయారయ్యేవి చిన్న ఫ్రేములు, ముసుగులు, తాళంచెవి బొమ్మలు. బతుకమ్మ, బోనాలు, కల్లు గీత, ఎద్దులబండి, ఒక్కో గడి ఒక్కో బొమ్మగా విడిపోయింది. దీన్ని పతనం అనడం అన్యాయం. ఆ చిన్న బొమ్మలే కుటుంబాలను నిలబెట్టాయి, ఆడపిల్లల చేతికీ కుంచె ఇచ్చాయి. కానీ ఒక్క గడిలో ఏది పోయిందో మాత్రం చెప్పుకోవాలి. గడి నుంచి గడికి కథ దాటే తీరు పోయింది, పొడవును పంచే తెలివి పోయింది. నేల కూడా మారుతుంది, చుట్టనక్కర్లేని గుడ్డకు అన్ని పూతల లెక్క ఎవరు చూస్తారు?

కొనాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. వందేళ్ళు దాటిన చిత్రం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి, దేశం దాటించకూడదు. ఏ పేరున్న వేలంలో పెట్టినా ఈ షరతు మారదు. పాతదాని కోసం కథకుల ఇళ్ళ చుట్టూ తిరిగి, కరువు రోజు చూసి బేరం పెట్టడం నాకు నచ్చని పని. అంతకంటే మంచిది, చేర్యాల వెళ్ళి పూర్తి పొడవు కథ ఒకటి పురమాయించడం. ఇరవై అడుగులైనా సరే. ఏ కథ కావాలో చెప్పి, ఆ కథ ఇంకా పాడగల కథకుడిని నకాషీ ఎదుట కూర్చోబెట్టి, గడులు వాళ్ళిద్దరినే తేల్చుకోమనాలి. నెలలు పడుతుంది. పైసలు ఆ నెలలకు తగ్గట్టే ఇవ్వాలి.

రేపు ఎప్పుడైనా ఒక పటం వేలం జాబితాలో ఎక్కితే, పొడవు వెడల్పులు, కాలం, ‘కొద్దిగా అరుగుదల’ అన్న మాటలతో సరిపెట్టకుండా కనీసం ఇవి రాయాలని అడుగుతాను. ఏ కులానికి చెప్పిన ఏ పురాణం, ఏ వర్గపు కథకులది, ఏయే ఊళ్ళ మిరాశీలో తిరిగింది, ఎన్ని గడులు, ఏ గడి ఎక్కువ అరిగింది, నకాషీ ఎవరు. వాడిన బూటును ఏ సినిమాలో వాడారో చెప్పకుండా ఏ వేలం సంస్థా అమ్మదు. పటానికీ ఆ మర్యాద దక్కాలి.